పదిహేడో పేజీ

మా తెలుగు చర్చివాళ్ళు ఈ ఏడు ఒక సంచిక వేస్తున్నారు. జపాను పత్రికలో బొమ్మ పడ్డది మనవాళ్ళలో నీదొక్కటే కదా, అదెలా జరిగిందో నాలుగు పేజీలు రాసివ్వమ్మా అని పాస్టరుగారు అడిగారు. ఓస్, అదెంత పని అనుకున్నాను. ఆ కథ నేను ఆదివారం బడి పిల్లలకి చెప్పాను, నేను బొమ్మలేసే ఆరోగ్య పుస్తకాల ఆఫీసులో చెప్పాను, పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నవాళ్ళకి అడక్కుండానే చెప్పాను. తీరా రాద్దామని కూర్చుంటే చెయ్యి కదల్లేదు. నోటితో చెప్పేటప్పుడు ఒక్కచోట గబగబా దాటేసేదాన్ని, వినేవాళ్ళకి తెలిసేది కాదు. కాగితం మీద ఆ చోటు గొయ్యిలా కనిపిస్తోంది. అందుకని ఈసారి దాటకుండా రాస్తాను. చదివినవాళ్ళు నన్నేమనుకున్నా పడతాను.

అప్పుడు మేము రంగూన్లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో రైలు స్టేషను వెనక సందులో ఉండేవాళ్ళం. మా నాన్నకి రైల్వేలో గుమాస్తా పని. కింద వాటాలో అమ్మ, నాన్న, మామ్మ, నేను. పైవాటాలో నూకరత్నం, వాళ్ళ నాన్న అప్పలస్వామి బాబాయి. మేము బాప్టిస్టులం, వాళ్ళు గౌరీపూజలు చేసేవాళ్ళు. కానీ మా వంటింట్లో ఎండుచేపలు వేగితే నూకరత్నం కంచం పట్టుకుని దిగిపోయేది, వాళ్ళింట్లో గారెలైతే నేను మెట్లెక్కేదాన్ని. మాకిద్దరికీ ఒకటే వయసు, ఒకటే బర్మా బడి. బడిలో బర్మా పేర్లతో దాన్ని మా న్వే అనీ నన్ను మా ఖిన్ అనీ పిలిచేవాళ్ళు. ఆ పేర్లు బడి గేటు దగ్గరే వదిలేసి ఇంటికి వచ్చేవాళ్ళం.

ఇంట్లో పెద్దరికమంతా మామ్మది. నాన్నని కన్న తల్లి, రంగూన్లోనే పుట్టింది, శ్రీకాకుళం ఎటువైపు ఉంటుందో తెలియదు, కానీ మాట మాత్రం అక్కణ్ణించి నిన్న ఓడ దిగినట్టే ఉండేది. పొద్దున్నే మొహానికి చందనంలా తానకా చెక్క అరగదీసి పూసుకుని, రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, ఙపీ అని బర్మావాళ్ళు చేసే కంపుకొట్టే చేపల పచ్చడి నంజుకుని తినేది. తిన్నాక గడప మీద కూర్చుని చుట్ట వెలిగించేది. వెలిగించాక దాన్ని తిప్పి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకునేది. అడ్డపొగ అంటారు దాన్ని. మా పక్క ఆడవాళ్ళందరికీ ఒకప్పుడు అలవాటేనట. నాకు తెలిసేటప్పటికి ఆ సందులో మామ్మ ఒక్కతే మిగిలింది. అప్పటి పాస్టరుగారు మందలిస్తే, నిప్పూ నా నోట్లోనే, పొగా నా కడుపులోకే, మధ్యలో ఆయనకేం నొప్పి అని అమ్మతో అంది. ఈ రోజుకీ ఎక్కడైనా ఙపీ వాసనా చుట్ట వాసనా కలిసి తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూస్తాను.

మా పిచ్చి ఎక్కడ మొదలైందంటే లతా పేటలో పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టులో. జపాను బొమ్మల కథలు బర్మాలోకి మార్చి, పల్చటి కాగితం మీద దొంగచాటుగా అచ్చువేసి, అట్ట మీద అట్ట అంటించి ఇచ్చేవాళ్ళు. సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి. నూకరత్నం చదివేది, నేను చూసేదాన్ని. చదవడం అయ్యాక పుస్తకాన్ని కిటికీ అద్దానికి ఆనించి, పైన పల్చటి కాగితం పెట్టి నాకు నచ్చిన పేజీలన్నీ గీసేసుకునేదాన్ని. కళ్ళు అలా వెయ్యాలి, జుట్టు ఇలా ఎగరాలి, పరిగెత్తేవాడి వెనక గీతలు ఎటు పోవాలి, అంతా ఆ కిటికీ దగ్గరే నేర్చుకున్నాను. పుస్తకాల్లో నీడల కోసం వేసే సన్నటి చుక్కల కాగితం మాకు ఎక్కడా దొరకలేదు. దోమతెర ముక్క పరిచి, పాత పళ్ళబ్రష్షుని సిరాలో ముంచి, బొటనవేలితో చిమ్మితే అచ్చం అలాంటి చుక్కలే పడతాయని నూకరత్నం కనిపెట్టింది. ఆ దోమతెర మామ్మది. నెల రోజుల పాటు దోమలు ఎక్కణ్ణించి వస్తున్నాయో తెలియక మామ్మ ఇల్లంతా వేపాకు పొగ వేసింది.

కథలు నూకరత్నం చెప్పేది, బొమ్మలు నేను వేసేదాన్ని. పేజీ అయ్యాక మామ్మ ముందు పెట్టేవాళ్ళం. మామ్మకి బర్మా చదవడం రాదు. బొమ్మలు చూసి కథ తనే చెప్పాలి. సరిగ్గా చెప్పిందా, పేజీ పాసు. చెప్పలేకపోతే మళ్ళీ వెయ్యాలి. ఎవరు నేర్పారో తెలియదు, ఈ పద్ధతి మాకు మేమే పెట్టుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పద్ధతి నూకరత్నందే అయివుంటుంది. నాకు అంత ఓపిక లేదు. మామ్మ చెప్పలేకపోయిన రోజు నేను ఆవిడ కళ్ళజోడుదే తప్పనేదాన్ని.

మామ్మకి మా బొమ్మల మీద ఒకటే ఫిర్యాదు. "ఏటే గుంటా, ఈలందరూ ఎడంసేత్తో తింతన్నారు? కన్నోలు సెప్పనేదేటి?" అనేది. నిజమే, మేము చూసిన పుస్తకాల్లో అందరూ ఎడమ చేత్తోనే తినేవాళ్ళు, ఎడమ చేత్తోనే రాసేవాళ్ళు, కత్తి కూడా ఎడమ చేత్తోనే దూసేవాళ్ళు. జపాన్‌లో అందరూ పుర్రచేతివాళ్ళని మేము నిశ్చయించుకున్నాం. అదేదో దేవుడు వాళ్ళకిచ్చిన ప్రత్యేకత అనుకుని, దానికోసం నేను అద్దంలో చూసుకుంటూ ఎడమ చెయ్యి వెయ్యడం సాధన కూడా చేశాను.

పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో లతా కొట్టు తలుపు మీద ఒక కాగితం అంటించారు. టోక్యోలో ఒక బొమ్మల పత్రిక ఎడిటరు రంగూన్ వస్తున్నాడు, ఒక్కరోజు ఉంటాడు, వేసేవాళ్ళు ముప్పై పేజీలకి మించకుండా తెచ్చి చూపించుకోవచ్చు. ఆ పైమేడలో జపాను భాష నేర్పే పంతులమ్మ సయామా తిరి ఆయన మాట బర్మాలోకి, మన మాట జపానులోకి మారుస్తుంది. ఆ కాగితం చూసి మేమిద్దరం రోడ్డు మీదే చేతులు పట్టుకుని గెంతాం.

గెంతడానికి నూకరత్నానికి నాకంటే పెద్ద కారణం ఉంది. అప్పలస్వామి బాబాయి దానికి లైంతాయా వైపు బట్టల ఫ్యాక్టరీలో చోటు మాట్లాడేశాడు. చెడ్డవాడు కాదు ఆయన. మోటారు షెడ్డులో పనిచేసి నడుము పట్టేసిన మనిషి, తల్లిలేని పిల్ల ఏదో ఒక దారిలో పడితే చాలనుకున్నాడు. నూకరత్నం ఏడ్చి బతిమాలితే ఒక మాట ఇచ్చాడు. ఆ జపానాయన నీ పని పనికొస్తుందంటే ఇంట్లో ఉండి బొమ్మల కథలే రాసుకో, నేను అడ్డుచెప్పను, అనకపోతే మాత్రం ఫ్యాక్టరీకి వెళ్ళాలి అన్నాడు. కాబట్టి ఆ ముప్పై పేజీలు నాకు సరదా, దానికి బతుకు. ఈ సంగతి నాకు తెలుసు. తెలియదని ఎప్పుడూ అనలేను.

కథ ఏమిటంటే, టోక్యోలో కత్తి పట్టుకుని తిరిగే ఒక అమ్మాయి తన గురువుని చంపినవాళ్ళని వెతుకుతుంది. టోక్యో మేము చూసింది ఆ పుస్తకాల్లోనే. దుకాణాల బోర్డుల మీది జపాను అక్షరాలు కూడా గీతకి గీత దింపేశాను. అంతా బాగానే సాగుతుంటే పదిహేడో పేజీ దగ్గర పేచీ వచ్చింది. ఆ అమ్మాయి ఓడిపోయి ఇంటికొస్తుంది, వాళ్ళ మామ్మ అన్నం తింటూ ఉంటుంది, తిని చుట్ట వెలిగించుకుంటుంది, అంతే, ఒక్క మాట ఉండకూడదు అంది నూకరత్నం. నేను ఒప్పుకోలేదు. టోక్యోలో ముసలమ్మ చేత్తో అన్నం కలుపుకుంటుందా, చుట్ట తిప్పి పెట్టుకుంటుందా, నవ్విపోతారన్నాను. అది నెమ్మదైన మనిషి, ఎప్పుడూ నాకు ఎదురుచెప్పేది కాదు. ఆ రోజు మాత్రం చెప్పింది.

"టోక్యోలో మనం ఎవుల్నీ సూడనేదు ఎస్తేరూ. మామ్మని రోజూ సూత్తన్నాం. ఆవిడ తిన్నాక ఏటీ మాటాడదు గదా. అదే ఎయ్యి."

నేను వెయ్యనన్నాను. మూడు రోజులు మెట్లెక్కలేదు. అది పెన్సిలుతో తనే వేసింది. గీత వంకరగానే ఉంది, కానీ ఆరు గళ్ళు ఎలా పెట్టాలో అలా పెట్టింది: ఆఖరి ముద్ద, నాకుతున్న వేలు, పక్కకి జరిపిన కంచం, అగ్గిపుల్ల, తిరుగుతున్న చుట్ట, కళ్ళు మూసుకున్న మామ్మ. గుమ్మంలో ఆ అమ్మాయి చూస్తూ నిలబడి ఉంది. నేను మొహం ముడుచుకుని దాని మీద సిరాతో దిద్దాను. దిద్దేటప్పుడు, మిగతా పేజీలతో కలవాలి కదా అని కుడిచెయ్యిని ఎడమచెయ్యి చేసేశాను కూడా. మామ్మకి చూపిస్తే ఆవిడ కాగితం నా ఒళ్ళో పడేసింది. నన్ను ఎడమ చేత్తో తినిపిస్తావా, సమాధిలో పెట్టాక కూడా నేనలా తినను, మార్చు అంది. కాగితం ముక్క అంటించి చెయ్యి మార్చేదాకా ఆ పూట నాకు చారు పొయ్యలేదు.

ఎడిటరు వచ్చిన రోజు ఉదయమే ఆ కొట్టు పైమేడకి వెళ్ళాం. ఇద్దరం కొత్త లోంజీలు కట్టుకున్నాం. నిద్రలేని కళ్ళ మనిషి, చొక్కా చేతులు మడిచి, పాలటీ తాగుతూ కూర్చున్నాడు. నేను రెండు చేతులా పేజీలిచ్చాను. ఆయన వాటిని బోర్లించి ఆఖరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. సయామా తిరి ఏదో చెబితే తల ఊపి మళ్ళీ తిప్పాడు. మా నాలుగు నెలల పనిని టీ చల్లారేలోపు చదివేశాడు. చదివి మొదటికొచ్చి, నాలుగో పేజీ తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, వెనక నుంచి చూశాడు. నేను దింపిన దుకాణం బోర్డుని అలా చదివి, పళ్ళపొడి అన్నాడట.

తర్వాత తన సంచిలోంచి ఒక పుస్తకం తీసి మా పేజీల పక్కన పెట్టాడు. మాకు కంఠతా వచ్చిన కథే, కానీ అది కుడి నుంచి ఎడమకి నడుస్తోంది. జపాన్‌లో అలాగే చదువుతారట. మా ఊళ్ళో అచ్చువేసినవాళ్ళు మన కళ్ళకి వీలుగా ఉంటుందని ప్రతి పేజీనీ అద్దంలో బొమ్మలా తిప్పేశారు. అసలు పుస్తకంలో అందరూ కుడిచేత్తోనే తింటున్నారు. అన్నిటికంటే ఘోరం చొక్కా మడతలు. జపానువాళ్ళ బట్టల్లో ఎప్పుడూ ఎడమ అంచే పైకి రావాలట, అది తిరగబడితే శవానికి కట్టినట్టట. మా కత్తి అమ్మాయి, దాని స్నేహితులు, కొట్లవాళ్ళు, ముప్పై పేజీలూ పాడె ఎక్కాల్సిన బట్టల్లో తిరిగారు. సయామా తిరి ఇది చెబుతుంటే నా చెవులు కాలిపోయాయి. నేలలోకి దిగిపోవాలనిపించింది.

ఆయన నవ్వలేదు. పదిహేడో పేజీ విడిగా తీసి చాలాసేపు చూశాడు. ఈ ఒక్క పేజీలో చెయ్యి కుడిదే ఉందే అన్నాడు. నోట్లో నిప్పు చూపించి, ఇది కూడా అచ్చులో తిరగబడిందా అని అడిగాడు. నూకరత్నం పకపకా నవ్వేసింది. కాదు, అది మాత్రం నిజమే, మా మామ్మ అలాగే తాగుతుంది అని ఇద్దరం ఒకేసారి చెప్పాం. అప్పుడాయన కుర్చీలో ముందుకి జరిగాడు. మిగతావన్నీ వేరేవాళ్ళ పేజీలట, అదీ తిరగబడ్డవట. ఇదొక్కటే మీదట. ఇది మా పత్రికలో వేస్తాను, ఇలాంటివి ముప్పై పంపండి అన్నాడు. పేజీ మీద వేలు పెట్టి, ఇది ఎవరి ఆలోచన అని అడిగాడు.

అప్పటిదాకా మాట్లాడుతున్నది నేను కాబట్టి సయామా తిరి ఆ ప్రశ్న నా వైపు తిరిగి అడిగింది. నేను, "నాదే సయామా" అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్ళుగా రకరకాలుగా చెప్పుకున్నాను. అంతసేపు సిగ్గుపడ్డాక ఒక్క మంచి మాట వస్తే పట్టుకుని వదల్లేకపోయానని చెప్పుకున్నాను. దిద్దింది నేనే కదా అని చెప్పుకున్నాను. ఏదీ నిలబడదు. అబద్ధమని తెలిసే అన్నాను. నూకరత్నం పేజీలు కట్టే తాడు విప్పి మళ్ళీ కడుతోంది. తలెత్తలేదు. ఆయన నా పేరు రాసుకున్నాడు. ఇంటికి నడిచి వస్తుంటే అది ఒకటే మాట అంది, ఎండగా ఉంది, అటు నీడలో నడుద్దామని. ఆ సాయంత్రం, జపానాయనకి నా కథలు నచ్చలేదు అని వాళ్ళ నాన్నతో చెప్పి, ఆ నెలలోనే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. ఫెర్రీ అని మేం పిలిచే ఫ్యాక్టరీ బస్సు తెల్లారకుండానే వచ్చేది. ఆయన నా పేజీ మెచ్చుకున్నాడని మామ్మతో చెప్తే, "నీ పేజీయా?" అని ఒక్కసారి నా మొహంలోకి చూసి చుట్ట అందుకుంది. మర్నాటి నుంచి పొద్దున్నే నూకరత్నానికి అన్నం మూట మామ్మే కట్టిచ్చేది, తన కాళ్ళు పనిచేసినన్నాళ్ళూ.

పేజీ అచ్చయింది, కింద నా పేరు ఒక్కటే ఉంది. ముప్పై పేజీలు నేనొక్కదాన్నే వేసి పంపాను. మామ్మ చుట్ట తాగుతున్నట్టు, మామ్మ చేపలు కడుగుతున్నట్టు, మామ్మ ప్రార్థన చేస్తున్నట్టు. ఆయన సయామా తిరికి రాసిన జవాబు చిన్నది. గీత బాగుంది, పదిహేడో పేజీ ఆలోచించిన మనిషి ఇందులో కనిపించడం లేదు, ఆ మనిషి ఏమైంది అని అడిగాడు. నేను జవాబివ్వలేదు. కానీ నా మొదటి ఉద్యోగం ఆ ఒక్క పేజీ చూపించి సంపాదించాను.

ఇప్పుడు మా చర్చి హాల్లో శనివారాలు బొమ్మలేసే పిల్లలు కూడతారు. వాళ్ళకి పలక లాంటి యంత్రం మీద చుక్కలు ఒక్క తాకుడుతో పడిపోతాయి. కరెంటున్న రెండు మూడు గంటల్లోనే గబగబా గీసి టోక్యోకి పంపేస్తారు. ఏ అంచు పైకి రావాలో వాళ్ళకి పుట్టుకతోనే తెలిసినట్టుంది. లతా కొట్టులో ఫోను కవర్లు అమ్ముతున్నారు. నాకు ఆ పిల్లల్ని చూస్తే అసూయ లేదు, ముచ్చటేస్తుంది. వాళ్ళలో ఇద్దరిద్దరు కలిసి వేసేవాళ్ళుంటే మాత్రం, పేజీ కింద ఇద్దరి పేర్లూ రాసేదాకా నేను ఇంటికి పోనివ్వను. ఈవిడకి ఇదేం చాదస్తం అని నా వెనక అనుకుంటారు.

ఇంతవరకూ రాసి, అచ్చుకిచ్చే ముందు నూకరత్నానికి వినిపించాలని చిమిండైంగ్ వెళ్ళాను. బజారు వెనక, నదికి దగ్గరగా ఉంది వాళ్ళ ఇల్లు. మేము మాట్లాడుకోవడం మానెయ్యలేదు, పెళ్ళిళ్ళకీ చావులకీ కలుస్తూనే ఉన్నాం, మామ్మ పోయినప్పుడు నాకంటే అదే ఎక్కువ ఏడ్చింది. ఈ సంగతి ఒక్కటే ఎప్పుడూ ఎత్తలేదు. అది ఫ్యాక్టరీలో ఇప్పుడు సూపర్వైజరు. తెలుగు చదవడం దానికి రాదు, అక్షరాలు నేర్పే ఆదివారం బడి మాకే కానీ వాళ్ళకి లేదు. అందుకని చదివి వినిపించాను. వంకాయలు కోస్తూ వింది. దోమతెర దగ్గర నవ్వింది. "నాదే సయామా" అన్నాను అని చదివేసరికి కత్తిపీట ఆగింది.

కోపం వచ్చిందా అని అడిగాను.

"రాదేటి? రెండేళ్ళు కోపం. తరవాత నువ్వే సెప్తావని సూసాను. ఆ తరవాత సూడ్డం మానీసాను." చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఆ పేజీ నాదని మా ఇంట్లో సెప్పుకున్నాను ఎస్తేరూ. ఇరవయ్యేళ్ళ బట్టీ సెప్తన్నాను. కింద నీ పేరుంది గదా. నమ్మినట్టు తల ఊపుతారు, నమ్మరు."

అంత మాట దాని నోట వినడం నాకదే మొదలు. ఏడుపొచ్చింది. క్షమించమన్నాను, అది వినిపించుకున్నట్టు లేదు. లేచి లోపలికి వెళ్ళి, జెట్టీ డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న మొగుణ్ణి లేపింది. సింహాచలం కళ్ళు నులుముకుంటూ వచ్చి గోడకి ఆనుకున్నాడు. అత్తగారిని కుర్చీతో సహా దగ్గరికి జరిపింది. ఇద్దరు కూతుళ్ళనీ ఫోన్లు పక్కన పెట్టమంది. అందరూ కూర్చున్నాక నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుంది.

"మా అత్తకి సెవుడు. ఆ ముక్క కాణ్ణించి మల్లీ సదువు. గట్టిగా సదువు."

నేను కాగితం వెనక్కి తిప్పి, గట్టిగా చదివాను.